గురువుగారిని గుట్టుగా దాచడం ఎలా?

డీ-అడిక్షన్ సెంటర్ పెడుతున్నారని తెలిసింది. సంతోషం. మీ వెనక ఒక మతసంస్థ ఉందనీ, దానికో గురువుగారున్నారనీ, ఆయన రాసిన పుస్తకాలు గోడౌన్ల నిండా పడున్నాయనీ కూడా తెలిసింది. మరీ సంతోషం. ఇక మీకున్న చిక్కల్లా ఒకటే. పిల్లవాడి చెయ్యి పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చే అమ్మానాన్నలకి గురువుగారు కనబడకూడదు. కనబడితే "ఇదేదో మతం గొడవలా ఉందండీ" అని గొణుక్కుంటూ వేరే ఆసుపత్రి వెతుక్కుంటారు. ఆయన్ని ఎలా దాచాలో చెప్పడానికే ఈ సలహాలు.

కంగారుపడకండి, మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. అమెరికాలో నార్కోనాన్ అనే సంస్థ అరవై ఏళ్ళుగా ఈ దారిలోనే నడుస్తోంది. దాని వెనక ఉన్నది సైంటాలజీ. గురువుగారి పేరు ఎల్. రాన్ హబ్బర్డ్. 1911లో పుట్టి, సైన్స్ ఫిక్షన్ కథలు రాసి, 1950లో 'డయనెటిక్స్' పుస్తకంతో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత మతం స్థాపించి, 1986లో పోయినాయన. అడిగితే నార్కోనాన్ ఏమంటుందంటే, తమది మతంతో సంబంధం లేని సేవాసంస్థ, హబ్బర్డ్ బోధల్లో మతానివి వేరు, మత్తు మాన్పించేవి వేరు అంటుంది. ఈ మాట బట్టీ పట్టండి. మీక్కూడా రోజూ పనికొస్తుంది.

ముందుగా పుట్టుకథ చక్కగా ఉండాలి. నార్కోనాన్ కథ నిజంగానే బాగుంటుంది. 1966లో అరిజోనా రాష్ట్ర జైల్లో విలియం బెనిటెజ్ అనే ఖైదీ ఉండేవాడు. చిన్నతనం నుంచీ మత్తుమందులకు బానిస. హబ్బర్డ్ రాసిన సైంటాలజీ పుస్తకం ఒకటి చదివి, తను మానేసి, తోటి ఖైదీలచేత మాన్పించడానికి క్లాసులు మొదలుపెట్టాడు. వినేవాళ్ళకి కళ్ళు చెమర్చే కథ. సరిగ్గా అక్కడ ఆపెయ్యండి. 1970లో సంస్థని రిజిస్టర్ చేయించినప్పుడు బెనిటెజ్ పక్కన సంతకాలు పెట్టినవాళ్ళెవరో చెప్పబోకండి. ఇద్దరూ సైంటాలజీ మనుషులే. అందులో హెన్నింగ్ హెల్ట్ అనే ఆయన, ప్రభుత్వ కార్యాలయాల్లో చొరబడి ఫైళ్ళు దొంగిలించిన కేసులో 1979లో శిక్షపడిన తొమ్మిదిమందిలో ఒకడయ్యాడు. హబ్బర్డ్ గారి భార్య కూడా ఆ తొమ్మిదిమందిలోనే ఉంది. ఖైదీ బయటికొచ్చి సంస్థ పెట్టాడని చెప్పుకోవచ్చు. సంస్థ పెట్టినాయన ఖైదీ అయ్యాడని మాత్రం బ్రోచర్‌లో వేసుకోలేం.

పేరు విషయంలో పిసినారితనం వద్దు. ఒక్క పేరుతో సరిపెట్టుకుంటే ఒక్కరోజులో దొరికిపోతారు. 1975లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో ఒక పాత హోటల్ అమ్ముడుపోయింది. కొన్నది సదరన్ ల్యాండ్ సేల్స్ అండ్ డెవలప్‌మెంట్ అనే కంపెనీ. అందులో దిగినది యునైటెడ్ చర్చెస్ ఆఫ్ ఫ్లోరిడా. ఊళ్ళోవాళ్ళు ఎవరో నాలుగు చర్చిలవాళ్ళు కలిసొచ్చారు కాబోలు అనుకున్నారు. కొన్ని వారాలకు తేలింది, వచ్చింది సైంటాలజీ అని. నార్కోనాన్ పేరైతే చూడ్డానికి మందుల కంపెనీ పేరులా ఉంటుంది, దాని మీద లైసెన్సు హక్కులున్నది ఏబుల్ అనే సంస్థకి. ఏబుల్ అంటే అసోసియేషన్ ఫర్ బెటర్ లివింగ్ అండ్ ఎడ్యుకేషన్. బతుకు బాగుపడాలి, చదువు రావాలి, కాదనేవాడెవడు? ఈ ఏబుల్‌ని 1988లో సైంటాలజీయే పెట్టుకుంది. ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఏ సెంటర్ పేరూ లేకుండా 'మీ ప్రాంతంలో మంచి రీహాబ్ వెతికిపెడతాం' అని ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేసి, ఫోన్ చేసినవాళ్ళని తమ సెంటర్లకే పంపిన సందర్భాలూ ఉన్నాయి. అర్ధరాత్రి రెండింటికి కొడుకు గదిలో సిరంజి చూసి ఫోన్ తీసిన తల్లి, వెతికిపెట్టినవాడికీ దొరికిన చోటుకీ ఏం చుట్టరికమో అడగదు. మీ వ్యాపారం నిలబడేదంతా ఆ అడగకపోవడం మీదే.

మతం ఉన్నా దాచుకోని అమాయకులు కొందరున్నారు. వాళ్ళని చూసి పాడైపోకండి. మన ఊళ్ళో అయ్యప్ప దీక్ష తీసుకున్నాయన నలభై ఒక్క రోజులు మందు ముట్టడు. కానీ ఏం చేస్తాడు? నల్లబట్టలు కట్టి, మెడలో మాల వేసుకుని, చెప్పుల్లేకుండా ఊరంతా తిరుగుతాడు. ఎందుకు మానేశావయ్యా అంటే స్వామి శరణం అంటాడు. దాపరికమే లేదు. ఇంట్లోవాళ్ళకీ తెలుసు, వైన్‌షాపువాడికీ తెలుసు, నలభై రెండో రోజు ఏమవుతుందో కూడా ఊరందరికీ తెలుసు. అమెరికాలోనే 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా అంతే. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నీడలో మొదలై, తమ పన్నెండు మెట్లలో దేవుడి పేరు బాహాటంగా రాసుకుంది. పైగా ఫీజు లేదు. నచ్చనివాడు మొదటిరోజే లేచి వెళ్ళిపోవచ్చు. ఇలాగైతే వ్యాపారం చేసినట్టే!

ఇప్పుడు అసలు పని. గురువుగారిని పాఠ్యపుస్తకంలో దాచాలి. దాచడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే రోగి తల్లిదండ్రులు పాఠాలు చదవరు. మత పుస్తకంలో ఉన్న అధ్యాయాన్ని తీసుకుని, మతం మాట కొట్టేసి, బొమ్మలు మార్చి, కొత్త అట్ట వేయండి. నార్కోనాన్‌లో ఎనిమిది పుస్తకాల కోర్సు ఉండేది. పేర్లు చూస్తే వ్యక్తిత్వ వికాసం క్లాసులా ఉంటుంది: జీవితంలో ఎత్తుపల్లాలు, వ్యక్తిగత విలువలు, చదువు మెరుగుపరచుకోవడం. లోపల పద్ధతులన్నీ సైంటాలజీలో చేరినవాళ్ళు మొదటి మెట్ల మీద నేర్చుకునేవే. హబ్బర్డ్ మతంలో తమని విమర్శించేవాళ్ళని సప్రెసివ్ మనుషులు అంటారు. ఈ పుస్తకాల్లో అదే మనిషి యాంటీసోషల్ వ్యక్తిత్వంగా దర్శనమిస్తాడు. నీ పక్కన అలాంటివాడుండబట్టే నీకు జబ్బు చేస్తోంది అని పాఠం. దీని ఉపయోగం మీకు వెంటనే తట్టకపోవచ్చు. రేపు తండ్రి ఫోన్ చేసి "నా డబ్బు వెనక్కివ్వండి" అన్నప్పుడు తడుతుంది.

వాళ్ళ అభ్యాసాల్లో ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఇద్దర్ని ఎదురెదురు కుర్చీల్లో కూచోబెడతారు. కదలకుండా, మాట్లాడకుండా, ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ కూచోవాలి. గంటలు గడిచినా సరే. అది కుదిరాక ఒకడు తిడతాడు, వెక్కిరిస్తాడు, రెండోవాడు చలించకూడదు. ఇంకొంచెం ముందుకెళితే కుర్చీ మీద గాజు యాష్‌ట్రే పెడతారు. దాన్ని చూసి గట్టిగా, "నిలబడు!" అనాలి. అది నిలబడదు కాబట్టి మీరే చేత్తో లేపాలి. "థాంక్యూ" అనాలి. "ఆ కుర్చీలో కూర్చో!" అనాలి. మీరే కూర్చోబెట్టి మళ్ళీ "థాంక్యూ" అనాలి. హెరాయిన్ మానడానికి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు ఇలా గొంతు పోయేదాకా యాష్‌ట్రేతో మాట్లాడాలి. దీనివల్ల యాష్‌ట్రేకి ఏమీ కాదు. కుర్రాడికి మాత్రం, అర్థంలేని ఆజ్ఞ అయినా ఎదురడగకుండా పాటించడం వస్తుంది. మీకు కావలసిన చదువు అదే.

వైద్యం అనేది ఒకటి ఉండాలి కదా. దానికి చెమట చాలు. 1970ల చివర హబ్బర్డ్ శుద్ధి కార్యక్రమం ఒకటి రూపొందించాడు, సైంటాలజీ చర్చిల్లో దాన్ని ప్యూరిఫికేషన్ అంటారు. నార్కోనాన్‌లో అదే న్యూ లైఫ్ డిటాక్స్. పొద్దున్నే కాసేపు పరుగు. తర్వాత నియాసిన్, అంటే బి3 విటమిన్ మాత్రలు. తర్వాత సానా గదిలో వేడికి కూర్చోవడం, మధ్యలో చన్నీళ్ళ స్నానాలు, మళ్ళీ గది, మొత్తం రోజుకు ఐదు గంటల దాకా. తాగడానికి నూనె, కాల్షియం-మెగ్నీషియం కలిపిన పుల్లటి నీళ్ళు. ఇలా వారాల తరబడి. నియాసిన్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5000 దాకా పెంచుకుంటూ పోతారు. మనిషికి రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు. మాత్రల రూపంలో 35కి మించొద్దని అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన హద్దు. ఎక్కువైతే ఒళ్ళు ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, ఇంకా పెరిగితే కాలేయానికి ముప్పు. ఇక్కడే గురువుగారి తెలివిని మెచ్చుకోవాలి. ఒళ్ళు ఎర్రబడటం మందు ప్రభావం అని చెప్పకుండా, లోపల దాక్కున్న విషం బయటికొస్తోంది అని చెప్పాడు. 1957లో ఇదే నియాసిన్‌ని రేడియేషన్‌కి విరుగుడని చెప్పి డయనజీన్ పేరుతో మాత్రలు చేయిస్తే, మరుసటేడు అమెరికా మందుల శాఖ వాటిని పట్టుకుని ధ్వంసం చేసింది. మాత్ర మారలేదు, జబ్బు మారింది.

అబద్ధం చెప్పేటప్పుడు అందులో చిటికెడు నిజం కలపడం మరిచిపోకండి. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో కొన్నాళ్ళు నిలవ ఉండేమాట నిజం. దాన్ని పట్టుకుని, అన్ని మత్తుమందులూ ఏళ్ళ తరబడి కొవ్వులో కూర్చుని, ఉన్నట్టుండి రక్తంలోకి వచ్చి మళ్ళీ తీసుకోవాలనిపించేలా చేస్తాయని సాగదీయండి. సారాయి గంటల్లో పోతుందనీ, ఏ మందైనా ఎక్కువభాగం కాలేయం, మూత్రపిండాల దారినే పోతుందనీ, చెమటలో పోయేది నామమాత్రమనీ అనే డాక్టర్లని దగ్గరికి రానివ్వకండి. ఈ సిద్ధాంతాన్ని బడిపిల్లలకి చెప్పినప్పుడే నార్కోనాన్‌కి దెబ్బ తగిలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బడులకి వెళ్ళి ఉచితంగా ఉపన్యాసాలిచ్చేవాళ్ళు. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక ఈ పాఠాలకీ సైంటాలజీకీ ఉన్న చుట్టరికం బయటపెట్టింది. కాలిఫోర్నియా విద్యాశాఖాధిపతి జాక్ ఓకానెల్ పరీక్ష చేయించి, 2005లో ఈ పాఠాలకు శాస్త్రీయ ఆధారం లేదు, బడుల్లోకి రానివ్వకండి అని సిఫారసు చేశాడు. ఉచితం కదా అని ఎవరూ పరిశీలించరనుకోవడం పొరపాటే.

ఎంతమంది బాగుపడ్డారని అడుగుతారు. డెబ్బైకి పైన ఏదో ఒక శాతం చెప్పండి. నార్కోనాన్ అలాగే చెప్పుకుంది. ఎలా లెక్కపెట్టారని అడిగేవాడు నూటికొకడుంటాడు. నార్వే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన కేంద్రం అలాంటి ఒక్కడు. 2008లో దొరికిన అధ్యయనాలన్నీ వెతికి, ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని రాసేసింది.

సిబ్బంది ఖర్చు తగ్గించుకోవడం తేలిక. నిన్న కోర్సు పూర్తిచేసినవాణ్ణే ఇవాళ కౌన్సెలర్ని చెయ్యండి. గోడ మీద సర్టిఫికెట్లు వేలాడదీయండి. కానీ ఎవరి సర్టిఫికెట్లో చూసుకోండి. 2014లో అమెరికాలో కౌన్సెలర్లకు ధ్రువపత్రాలిచ్చే సంఘం ఒకటి, తమ పేరూ ముద్రలూ అక్రమంగా వాడుకున్నారని నార్కోనాన్ మీదా దాని అనుబంధాల మీదా ఎనభైమందికి పైగా ప్రతివాదుల్ని చేర్చి దావా వేసింది.

డబ్బు గురించి చెప్పాలంటే ఓక్లహోమా వెళ్ళాలి. 1989లో అక్కడ న్యూకర్క్ అనే చిన్న ఊరి పక్కన, మూతపడిన చిలాకో ఇండియన్ స్కూలు ఆవరణలో నార్కోనాన్ పెద్ద సెంటర్ తలపెట్టింది. పెద్ద సభ. అసోసియేషన్ ఫర్ బెటర్ లివింగ్ అండ్ ఎడ్యుకేషన్ ప్రతినిధులు వేదికెక్కి, నార్కోనాన్ చేస్తున్న సేవ అమోఘమని పొగిడి, రెండు లక్షల డాలర్ల చెక్కు చేతికిచ్చారు. ఊరు చప్పట్లు కొట్టింది. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ ఒకే ఇంటివాళ్ళని చప్పట్లు కొట్టినవాళ్ళకి తెలియదు. ఎడమచేతి ఉంగరం తీసి కుడిచేతికి పెట్టుకుని దానం చేశానన్నట్టుంది వ్యవహారం. చూడండి, ఇందులో ఒక్క చెక్కుతో రెండు పనులు జరిగాయి: డబ్బుందని తెలిసింది, బయటి పెద్దమనుషులు మెచ్చుకున్నారని కూడా తెలిసింది.

పథకం బాగానే ఉంది. పాడు చేసింది ఊరి వారపత్రిక. న్యూకర్క్ హెరాల్డ్ జర్నల్ సంపాదకుడు రాబర్ట్ లాబ్సింగర్ కూచుని ఆ సంఘం ఎవరిదో తవ్వి, అచ్చువేశాడు. ఆ తర్వాత ఊరి మేయరు మీదా ఈ సంపాదకుడి మీదా ప్రైవేటు డిటెక్టివ్‌లు కన్నేసి తిరిగారని 1991లో టైమ్ పత్రిక రాసింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర మానసిక ఆరోగ్య మండలి, ఈ వైద్యం పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, ప్రమాదం కూడా అని అనుమతి నిరాకరించింది. మీరైతే ఇక్కడ చేతులెత్తేసేవారు. వాళ్ళు ఎత్తలేదు. ప్రైవేటు గుర్తింపు సంస్థ ఒకదాని ముద్ర తెచ్చుకుంటే రాష్ట్రం అనుమతి అక్కర్లేదని చట్టంలో ఒక సందు ఉండేది. 1992లో ఆ ముద్ర తెచ్చుకుని తలుపులు మూయకుండా నడిపించేశారు. ముందు తలుపు మూసినవాడికి పక్క తలుపు గుర్తుండదు.

చుట్టరికం ఎప్పుడూ దాచాలనుకుంటే అది కూడా తెలివితక్కువే. పన్ను మినహాయింపు అడిగేటప్పుడు బయటపెట్టాలి. 1993లో అమెరికా పన్నుల శాఖ సైంటాలజీతో రాజీ ఒప్పందం చేసుకుని మినహాయింపు ఇచ్చింది. ఆ ఒప్పందం కాగితాల్లో సైంటాలజీ అనుబంధ సంస్థల జాబితాలో ఏబుల్ ఉంది, నార్కోనాన్ ఇంటర్నేషనల్ ఉంది. పన్నుల గుమాస్తా దగ్గర చుట్టాలు, పేషెంటు తల్లి దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళు. ఈ ఒక్క కాగితం చూస్తే చాలు, మిగతా సిద్ధాంత చర్చంతా అనవసరం అని నా అభిప్రాయం. అయినా సలహాదారుకి అభిప్రాయాలుండకూడదు.

ఒక్క విషయంలో మాత్రం గురువుగారు దాగరు. మానసిక వైద్యులంటే ఆయనకి పడదు. 1969లో సైంటాలజీ కూడా ఒక వ్యవస్థాపక భాగస్వామిగా సైకియాట్రీ మీద యుద్ధానికే ఒక సంస్థ వెలిసింది. ఆ పగ ఆయన పేరు లేకుండానే సెంటర్లోకి నడిచొస్తుంది. మందుల్లేని వైద్యం అని బోర్డు పెట్టుకుంటే ఎంతో పవిత్రంగా కనిపిస్తుంది. నల్లమందు జాతి మత్తులకి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులు ప్రాణాలు కాపాడతాయని ప్రపంచ వైద్యమంతా ఒప్పుకున్న సంగతి మీ బోర్డు మీద పట్టదు. కొన్ని వారాలు మానేసినవాడి ఒంట్లో పాత తట్టుకునే శక్తి పోతుంది. మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి డాక్టరు లేని ఇంట్లో మత్తు మాన్పించడం ప్రమాదం.

ఆ ప్రమాదం లెక్కలు చెప్పకుండా ఈ సలహాలు పూర్తికావు. ఓక్లహోమాలో చిలాకో నుంచి మారి యూఫాలా చెరువు పక్కన పెట్టుకున్న యారోహెడ్ సెంటర్లో 2011 అక్టోబరు నుంచి 2012 జూలై లోపు ముగ్గురు చనిపోయారు. అందరికంటే చిన్నామెకి ఇరవై ఏళ్ళు. ఆ కుటుంబాలు కోర్టుకెక్కాయి. 2013లో రాష్ట్రం చట్టం మార్చింది, పైన చెప్పిన సందు మూసుకుపోయింది. జార్జియాలో బయటినుంచి వచ్చిపోయే పేషెంట్లకి మాత్రమే అనుమతి ఉన్న సెంటర్ తరఫున అపార్ట్‌మెంట్లలో ఉంటున్న ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు 2008లో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. ఆ కేసు 2013లో రాజీ అయింది, ఆ ఏడాదే సెంటర్ లైసెన్సు వదులుకుంది. కెనడాలో క్విబెక్ ఆరోగ్యాధికారులు 2012 ఏప్రిల్‌లో ట్రువా-రివియెర్ సెంటర్‌ని మూయించి, అక్కడున్న ముప్పై ఇద్దర్ని వేరే చోట్లకి పంపించారు. దావాలు వేసిన కుటుంబాల్లో ముప్పై వేల డాలర్లకు పైగా కట్టినవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది అన్నది ఒకే మాట: సైంటాలజీ అని ముందే చెప్పివుంటే వచ్చేవాళ్ళం కాదు.

కనుక చివరిగా, ఎవరికి దూరంగా ఉండాలో చెప్పి ముగిస్తాను. అడ్వాన్సు కట్టేముందు రసీదు మీద ఏ సంస్థ పేరుంటుందో చూపించమనేవాణ్ణి గుమ్మంలోనే సాగనంపండి. రాత్రిపూట డాక్టరెవరుంటారు, ఆయన రిజిస్ట్రేషన్ నంబరెంత అని అడిగే అక్కయ్యల జోలికి పోకండి. పాఠ్యపుస్తకం చేతికి తీసుకుని, అట్ట వెనక కాపీరైటు ఎవరిదో చదివే తాతగార్లు మరీ ప్రమాదం. పిల్లవాడితో రోజూ ఫోన్లో మాట్లాడనిస్తారా, నచ్చకపోతే మధ్యలో తీసుకెళితే డబ్బు తిరిగిస్తారా అని కాగితం మీద రాసిమ్మనేవాళ్ళు మీ కొంప ముంచుతారు. ఇలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటే చాలు.

మేరీల్యాండ్‌లో అంతే జరిగింది. అక్కడి ట్రౌట్ రన్ అనే పాత విడిది ఎస్టేటుని, సైంటాలజీకి స్థలాలు కొనిపెట్టే సోషల్ బెటర్‌మెంట్ ప్రాపర్టీస్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ కొంది. చారిత్రక కట్టడంగా గుర్తింపు వస్తే అక్కడ నార్కోనాన్ సెంటర్ పెట్టుకునే వీలుంది. అందుకని ఎస్టేటు పాత వైభవమంతా ఏకరువు పెట్టారు, అధ్యక్షుడు హూవర్ వచ్చి చేపలు పట్టిన చోటని కూడా చెప్పారు. ఊళ్ళోవాళ్ళు సభలకి వచ్చి, కట్టడం సంగతి సరే, కొన్నదెవరు అని అడిగారు. 2015 జూన్‌లో ఫ్రెడరిక్ కౌంటీ కౌన్సిల్ ఓటు వేసింది. వద్దన్నవాళ్ళు ఆరుగురు, సరేనన్నది ఒక్కరు.